పెట్టెకొక తొన

2017 చలికాలం. సైదాబాద్ వైపున్న ఒక చిన్న ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరి నాకు అప్పటికి పదకొండేళ్ళు. మొదటి అంతస్తులో తొమ్మిది మంచాల డయాలసిస్ యూనిట్, దాని పక్కనే నా పాంట్రీ. పాంట్రీ అంటే గొప్పగా ఊహించుకోకండి. ఒక గ్యాస్ పొయ్యి, ఒక స్టీలు బల్ల, పొద్దున పదింటి దాకా ఎండ పడే ఒక కిటికీ, అంతే. ఈమధ్యే ఆ గదిని స్కానింగ్ సెంటర్లో కలిపేశారని తెలిసింది. నన్నడక్కుండా నా వంటిల్లు ఎవరో అమ్మేసినట్టు బాధపడ్డాను.

మా పని గురించి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. కిడ్నీలు చెడిపోయిన మనిషి రక్తంలో పొటాషియం అనే లవణం పేరుకుపోతుంది. వారానికి మూడుసార్లు యంత్రం దాన్ని తీసేస్తుంది. మధ్య రోజుల్లో మాత్రం మనిషే నోరు కట్టుకోవాలి. హద్దు దాటితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. పండ్లలో, ఆకుకూరల్లో, కొబ్బరినీళ్ళలో అది ఎక్కువ. లోకమంతా ఆరోగ్యానికి మంచిదని తినే వాటిని వీళ్ళకు వద్దని చెప్పడమే నా ఉద్యోగం. అందుకే నేను వార్డులోకి రాగానే సగం మంది నిద్ర నటించేవారు.

బాలకిషన్ సేఠ్ మాత్రం లేచి కూర్చుని నమస్తే చెప్పేవాడు. లాల్‌దర్వాజాలో వాళ్ళ తాతల నాటి పండ్ల దుకాణం ఆయనది. టోకు, చిల్లర రెండూ. అరవైకి దగ్గర పడ్డాడు, బీపీ వల్ల కిడ్నీలు పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. భార్య సులోచనమ్మ స్టీలు డబ్బాతో వెంట వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేది. ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకు చాలా రోజుల దాకా తెలియదు.

ఆ డిసెంబర్లో ఆయన పొటాషియం వరసగా మూడుసార్లు ఆరున్నర దాటింది. ఐదున్నర లోపు ఉండాలి. మా డాక్టర్ గారు రిపోర్టులు నా బల్ల మీద పెట్టి, శని, ఆదివారాలు యంత్రం ఉండదు, ఇలాగే ఉంటే ఏదో ఒక ఆదివారం ఈయన మనకు దక్కడు, ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోండి అన్నారు.

పట్టుకోవడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ట్వెంటీఫోర్ అవర్ రీకాల్ అంటాం. నిన్న లేచినప్పటి నుంచి తిన్నవన్నీ వరసగా చెప్పించి రాసుకోవడం. సేఠ్ చెప్పినవన్నీ నా చార్టులో ఉన్నవే. పండ్ల సంగతి అడిగితే, దేవుడి ముందు పెట్టిన అరటిపండు కూడా తాను ముట్టడం లేదన్నాడు. ఆ మొహం చూస్తే అబద్ధమాడే మొహం కాదు. అయితే అబద్ధం ఇంకెక్కడో ఉండాలని నా తెలివి నాకు చెప్పింది. సులోచనమ్మను వరండాలోకి పిలిచి కడిగేశాను. ప్రేమ కొద్దీ మీరే చాటుగా ఏదో పెడుతున్నారు, ఆయన ప్రాణం మీ చేతుల్లోనే పోతుంది అన్నాను. నేనేం పెడ్తలేను మేడం అని ఒక్క మాట అని తల వంచుకుంది. నేను నమ్మలేదు. ఆ వరండా గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తిట్టాక నాకే ఒక ఆలోచన వచ్చింది. కళ్ళ ముందు జామకాయలు, సంత్రాలు, రేగుపళ్ళు కుప్పలు పోసుకుని కూర్చునే మనిషిని ఊరికే వద్దు వద్దంటే ఎన్నాళ్ళు ఆగుతాడు? హద్దులో ఉండే పండ్లతో ఒక సలాడ్ చేసి చూపిద్దామనుకున్నాను. శుక్రవారం యంత్రం పెట్టకముందే ఇద్దరినీ పాంట్రీకి రమ్మన్నాను.

బల్ల మీద ఆపిల్ పండ్లు, నాలుగు అనాస ముక్కలు, గింజ తీసిన కీరా, సన్నగా తరిగిన క్యాబేజీ, ఒక్క చెంచాడు దానిమ్మ గింజలు పెట్టాను. క్యారెట్ తరిగి వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోశాను. దీన్ని లీచింగ్ అంటాం, కొంత పొటాషియం నీళ్ళతో పాటు పోతుంది. పక్కన వేరే పళ్ళెంలో, ఇవి తినకూడదు అని చూపించడానికి, జామకాయలు, సంత్రాలు. ఒక సీసాలో నిమ్మరసం, చెంచాడు నువ్వుల నూనె, కాస్త తేనె, వేయించి దంచిన జీలకర్ర, మిరియాల పొడి, పుదీనా వేసి మూత బిగించి గిలక్కొట్టాను. ఉప్పు లేదు. దీన్ని డ్రెస్సింగ్ అంటారని చెప్పాను.

"పుండుకు కడ్తరని తెల్సు గని, పండుకు గూడ కడ్తరా మేడం" అని సేఠ్ నవ్వాడు. చాలా వారాల తర్వాత అది ఆయన మొదటి నవ్వు.

నేను ఆపిల్ కోస్తుంటే ఆయన ఓర్చుకోలేకపోయాడు. కత్తి తీసుకున్నాడు. వేలితో తట్టి ఒక ఆపిల్‌ను లోపల పిండిలా అయిందని పక్కన పెట్టేశాడు. ఆపిల్ అన్నిటికన్నా చివర కోయాలని, కోసిన ముక్క కోసినట్టే నిమ్మరసంలో పడితే నల్లబడదని నాకు నేర్పాడు. అలా మాట్లాడుతూనే పక్క పళ్ళెంలోని జామకాయ అందుకుని, ఒక చెక్క తీసి నోట్లో వేసుకున్నాడు. సంత్రా ఒలిచి ఒక తొన వేసుకున్నాడు. జామ ఇవాళే కోసిందని, సంత్రా చెట్టు మీద ఇంకో రెండు రోజులు ఉండాల్సిందని తీర్పు చెప్పాడు.

నేను పళ్ళెం నా వైపు లాక్కున్నాను.

"సేఠ్, ఇప్పుడేం తిన్నరు?"

"ఏం తినలే మేడం."

వేళాకోళం కాదు. తొన ఇంకా ఆయన బుగ్గలోనే ఉంది.

"మరి నోట్ల ఉన్నదేంది?"

దవడ ఆగింది. "గిది తినుడెట్లయితది? సరుకు సూసిన."

అప్పుడు అడిగాను, రోజుకు ఎంత సరుకు చూస్తారని. తెల్లవారుజామున మాల్ దిగగానే పెట్టెకొక పండు కోస్తాడు. జామ అయితే ఒక చెక్క, సంత్రా అయితే ఒక తొన. దాన్ని బట్టి పెట్టె మీద సుద్దతో గుర్తు వేస్తాడు. వాళ్ళ తండ్రి నేర్పిన పద్ధతి. మామూలు రోజుల్లో పది పెట్టెలు, చలికాలం అయితే ముప్పై, నలభై. నలభై ముక్కలు తింటూ ఒక్క పండు కూడా తినలేదని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి నా ఎదురుగా కూర్చున్నాడు. ఏం తిన్నారని అడిగాను గానీ, పని ఎలా చేస్తారని నేనెప్పుడూ అడగలేదు.

ఇక ఆపేయాలన్నాను. చూసి ఉమ్మేయమన్నాను కూడా. ఆ మాటకు ఆయనకు కోపమొచ్చింది. పండును ఉమ్మితే అన్నం పెట్టే లక్ష్మిని ఉమ్మినట్టేనన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నా నోటితోని సూడంది తియ్యగుంటదని గిరాకికి ఎట్ల చెప్పాలె మేడం? గంతకన్న దుకాణం బంద్ పెట్టుకునుడే నయం."

నా చార్టులో దానికి జవాబు లేదు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి సులోచనమ్మ మాట వినిపించింది.

"నేను సూస్త."

సేఠ్ ఆమె వైపు తిరిగాడు. ఏనాడన్నా దుకాణంలో కూర్చున్నావా, నీకేం తెలుస్తుందన్నాడు. ఒక వారం చూడండి, తెలియకపోతే మానేస్తానంది ఆమె. డాక్టర్ గారిని కూడా పిలిచి చెప్పించాక, అయిష్టంగానే వారానికి ఒప్పుకున్నాడు.

మళ్ళీ శుక్రవారం రిపోర్టు వచ్చింది. ఐదు పాయింట్ ఒకటి. కాగితం పట్టుకుని పరుగెత్తినట్టే వార్డుకి వెళ్ళాను. సేఠ్ సంతోషించాడు గానీ, ఆయన మనసు వేరేచోట ఉంది. మంగళవారం దిగిన సంత్రాల్లో ఒక పెట్టెను ఆమె రుచి చూసి, దీన్ని ఇవాళే అమ్మేయండి, రేపటికి ఆగదంది. పైకి నిగనిగలాడుతున్నాయి కదా అని ఈయన విన్లేదు. తెల్లారి తెరిస్తే సగం మెత్తబడ్డాయి. మా బాపుకు గూడ గంత నాలుక లేకుండె మేడం అన్నాడు.

నేను స్టూలు పక్కన నిలబడి, అక్కా, ఆ రోజు మిమ్మల్ని అనరాని మాటన్న, మాఫ్ చెయ్యుండ్రి అన్నాను. ఆమె కొంగు సర్దుకుంటూ, ఫికర్ చెయ్యకుండ్రి అంది. తేలికపడ్డాను. అసలు ఆ పెట్టె సంగతి ఎలా తెలిసిందని కుతూహలం కొద్దీ అడిగాను.

"పెండ్లయి వచ్చినసంది దుకాణంల మిగిలినయే తింటున్న మేడం. అమ్ముడువోనియి, మెత్తవడ్డయి. చెడిపొయ్యే ముందట పండు ఎట్లుంటదో నాకెర్కనే."

ఫిర్యాదు చేసినట్టు అనలేదు. అడిగితే చెప్పింది, అంతే. సేఠ్ పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

సోమవారం స్టీలు డబ్బా ఆయన చేతిలోనే ఉంది. పొద్దున తనే కోసుకొచ్చాడు. చిన్న సీసాలో డ్రెస్సింగ్ విడిగా తెచ్చాడు. మంచం మీద కూర్చుని కలిపి, ఒక గిన్నెలో ముందు ఆమెకు పెట్టాడు. ఆమె నాకెందుకంది, మీరు తినగా మిగిలితే చూద్దామంది.

"కొత్త పెట్టె తెరిచి తెచ్చిన. నువ్వు తిను. మిగిలింది నేను తింట."

ఆమె నన్ను చూసి సిగ్గుపడి, గోడ వైపు తిరిగి తిన్నది. నేను పాంట్రీలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. అది దాచుకోవాల్సిన సంగతి కాదు.

బాలకిషన్ సేఠ్ ఆ తర్వాత మరో నాలుగు చలికాలాలు చూశాడు. ఇప్పుడు దుకాణం సులోచనమ్మే నడుపుతోంది. నేను వేరే ఆసుపత్రిలో ఉన్నాను. ఇప్పుడు కొత్త పేషెంటు రాగానే ముందు ఆయన చేసే పని గురించి అడుగుతాను. తర్వాత పక్కనున్న మనిషి వైపు తిరిగి, మరి మీరేం తింటారని అడుగుతాను. ఆ ప్రశ్నకు చాలామంది ఆడవాళ్ళు నవ్వేస్తారు, ఏముంది మేడం, మిగిలింది అంటారు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన చార్టులో ఆ జవాబు రాసే గడి లేదు. నేనే పెన్నుతో ఒకటి గీసుకుని రాస్తున్నాను.