బావ మెడలో చప్పుడు

ఎమ్మిగనూరులో మా అక్కను ఇచ్చిన ఇంట్లో మాటలెక్కువ. ఆ మాటలన్నీ మా బావవే. మగ్గం గుంటలో కూర్చుని నేస్తూనే వీధిలో పోయేవాళ్లందరినీ పలకరించేవాడు. ఆదోనిలో పత్తిమిల్లు పనికి సెలవు దొరికినప్పుడల్లా నేను వాళ్లింటికి పోయేవాణ్ణి.

ఎనభైల మొదట్లో ఒక మధ్యాహ్నం నేను అక్కడుండగానే మగ్గం ఆగిపోయింది. తాడు లాగే కుడిచెయ్యి జారి బావ ఒళ్లో పడింది. ఏదో చెప్పబోయాడు, మాట ముద్దగా వచ్చింది. అక్క నీళ్లు తెచ్చేలోపే అంతా సర్దుకుంది.

"ఏం కాల్యా. మొన్న ఎడమ కంటికి తెర పడినట్లాయ, అదీ పోయినాది" అని నవ్వాడు.

నేను ఊరుకోక ఇద్దర్నీ ఆదోని తీసుకుపోయి డాక్టరుకు చూపించాను. ఆయన స్టెతస్కోపు మెడ మీద పెట్టి చాలాసేపు విన్నాడు.

"మెదడుకు పోయే రక్తనాళం ఇక్కడ పూడుకుపోతోంది. ఇరుకులో రక్తం దూరే చప్పుడు వినపడుతోంది. మద్రాసు పోతే మెడ కోసి శుభ్రం చేస్తారు. లేకుంటే పక్షవాతం రావచ్చు."

"కోస్తే భయం లేదా సార్?" అంది అక్క.

"ఆపరేషన్‌లోనూ ప్రమాదం ఉందమ్మా."

అక్క ఆ ఒక్క మాటే పట్టుకుంది. తిరుగు బస్సులో, "మనిషి బాగానే తిరుగుతాండాడు. బాగుండే మెడను యాడన్నా కోపిచ్చుకుంటారాప్పా?" అంది. బావ కూడా సరేనన్నాడు. మాత్రలు మింగుతూ మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు.

ఆ ఎండాకాలం దాటకముందే పడిపోయాడు. కుడిపక్క చచ్చుబడింది. ఏం చెప్పినా అర్థమయ్యేది గానీ, నోట్లోంచి అక్కడ అన్నట్టు "ఆడ" అనే ఒక్క మాటే వచ్చేది. ఆకలైనా అదే, నొప్పైనా అదే. అది దేనికో అక్కకే తెలిసేది. అట్లా చాలా ఏళ్లు బతికాడు. మొదట్లో వచ్చి కూర్చున్న వీధివాళ్లు తర్వాత తర్వాత తల వంచుకుని పోయేవారు.

బావ పోయిన ఎన్నో ఏళ్లకు నాకూ మెడ రక్తనాళమే పూడింది. తొడ దగ్గర నుంచి సన్నని తీగ పైకి పోనిచ్చి, ఇరుకైన చోట స్టెంట్ పెట్టి దారి తెరిచారు. ఆసుపత్రికి వచ్చిన అక్క నా మెడను రెండు పక్కలా తడిమి చూసింది.

"కోయల్యా?"

"లేదక్కా. ఇది బావ కాలంలో లేదు."

"కోసేది ఉండె గదప్పా. నేనే వద్దంటి."

ఆపరేషన్ చేయించినా ఏమయ్యేదో ఎవరికీ తెలియదన్నాను. అక్క తలూపింది గానీ నమ్మినట్టు లేదు. మా అబ్బాయి తనను బస్సెక్కించడానికి వచ్చేదాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.