రెండు పిలుపులు

సిడ్నీ శివారు టూంగాబీలో మా పెరటి కంచెకు అవతల ఒక అమెరికన్ ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. వాళ్ళ దేశపు ఇరవయ్యో శతాబ్దాన్ని నేను పుస్తకాల్లో చదివాను. ఆయన నోట అది చాలా చిన్నదిగా వినిపించేది. అణుబాంబు పడితే ఏం చెయ్యాలో నేర్పడానికి బళ్ళో పిల్లల్ని డెస్కుల కింద దూరమనేవారట. ఆయనకు గుర్తున్నది డెస్కు అడుగున ఎవరో అంటించిన చూయింగ్ గమ్. అధ్యక్షుణ్ణి కాల్చి చంపిన రోజున లెక్కల పరీక్ష ఆగిపోయిందని సంతోషించాడు. ఇరవై దాటగానే వియత్నాం. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టినప్పుడు ఆయన అక్కడ తడిసిన బూట్లు ఆరబెట్టుకుంటున్నాడు. యుద్ధం మధ్యలో సైనికులకు సెలవిచ్చి సిడ్నీకి పంపేవారు. ఆ వారంలో ఒక నర్సు పరిచయమైంది. తర్వాత ఆమె కోసం తిరిగొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. వెస్ట్‌మీడ్ ఆసుపత్రి వైపు వెళ్ళే అంబులెన్సు మోత వింటే ఇప్పటికీ వంటింటి బల్ల కింద కూర్చుంటానని ఒకసారి మామూలుగా చెప్పాడు.

మావారు నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో" అనేవారు. అది విని విని నా పేరే అదనుకున్నాడు ముసలాయన. అది పేరు కాదని, మాలో భార్యను పేరుతో పిలవరని మావారు నవ్వుతూ చెప్పారు.

"టూ లేట్, మేట్. షీ ఈజ్ ఇదిగో," అన్నాడాయన.

మావారు పోయిన ఎనిమిదో నెలలో, ఒక మిట్టమధ్యాహ్నం, పెరట్లోంచి "ఇదిగో" అని వినిపించింది. నీరసమైన గొంతు. పోయినవాళ్ళు రెండుసార్లే పిలుస్తారని, మూడో పిలుపు వినేదాకా పలకకూడదని మా నాయనమ్మ చెప్పేది. దయ్యాలను నేను నమ్మను. అయినా పలకకుండా గిన్నె తోముతూ ఉండిపోయాను. మళ్ళీ "ఇదిగో". గిన్నె చేత్తో పట్టుకుని మూడోదాని కోసం చూశాను. రాలేదు.

రెండు గంటలకు, వారానికోసారి ముసలాయన్ను చూడటానికి వచ్చే నర్సు మా తలుపు కొట్టింది. గుంటూరమ్మాయి. ముసలాయన బల్ల కింద చనిపోయి ఉన్నాడని చెప్పింది.

"నన్ను పిలిచాడమ్మా. నేను పలకలేదు," అన్నాను. పలికి ఉంటే బతికేవాడన్నదే నా భయం.

సాయంత్రం ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది.

"ఆంటీ, డాక్టర్ చూశారు. తెల్లారకముందే పోయారంట. మధ్యాహ్నానికి ఆయన లేరసలు. యూ డిడ్ నథింగ్ రాంగ్, ఓకే? ముందు మీరు కాస్త అన్నం తినండి."

ఊరట కలగాలి. కలగలేదు. ముసలాయన కాకపోతే ఆ గొంతు ఎవరిది? ఎనిమిది నెలలుగా ఒక్కసారి వింటే చాలనుకున్నాను. రెండుసార్లు పిలిస్తే ఊరుకున్నాను.

ఇప్పుడు మధ్యాహ్నాలు వెనక తలుపు తీసే ఉంచుతున్నాను. నిన్న మా అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో "ఆఁ, వస్తున్నా" అన్నాను.

"మమ్, హూ ఆర్ యూ టాకింగ్ టు?"

నాకేమీ వినిపించలేదు. ముందుగానే పలికాను.