సువార్తక్క తలలో తెల్ల మచ్చ

నిన్న పొద్దున బావ ఫోన్ చేశాడు.

స్కాన్ రిపోర్ట్ సంగతేమో అనుకుని ఎత్తాను. "మీ అక్క పోయిందిరా" అన్నాడు.

మార్కాపురం బస్టాండ్‌లో అట్లాగే కూలబడ్డాను.

సువార్తక్క మా పెదనాన్న కూతురు. పలకల ఫ్యాక్టరీలో ఫ్రేములు బిగించేది. నోరు విప్పిందంటే మిషన్ల మోతలో కూడా వినపడాల్సిందే.

పోయినేడు తలలో గడ్డ అన్నారు. ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. బాగైంది. చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది, అందరికీ భోజనాలు పెట్టింది.

కొన్ని నెలలకు మళ్లీ తలనొప్పి మొదలైంది. నాకొక్కడికే చెప్పింది.

"దేవుడు బాగుచేసినాడని అందరి ముందర చెప్పినా గదరా. మళ్లా వచ్చిందంటే జనం ఏమంటారు?"

చర్చిలో జరగబోయే ఉజ్జీవ కూటాల్లో ఇంకోసారి సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు అప్పటికే అడిగి ఉన్నారు.

"కూటాలు అయినాక ఆస్పత్రికి పోదాంలే అక్కా" అన్నాను.

నేనే అన్నాను. నా నోరు పడిపోను!

కూటాలు అయ్యేసరికి అక్క ఎడమ చెయ్యి లేవడం లేదు.

ఒంగోలులో ఎమ్మారై తీయించాం. బయటికి వచ్చి నవ్వింది. "ఏందిరా, ఈ సౌండుకే అందరూ భయపడేది? మన పలకలు కోసే మిషన్ ముందర ఇదేం లెక్క!"

స్కాన్‌లో తెల్ల మచ్చ కనిపించింది. ఫిల్మ్ లైటుకు పెట్టి డాక్టర్ గారు చాలాసేపు చూశారు. గడ్డ తిరిగి వచ్చినా ఇట్లాగే ఉంటుందట, రేడియేషన్‌కు మెదడు దెబ్బతిన్నా ఇట్లాగే ఉంటుందట. దెబ్బయితే మందులతో తగ్గించే ప్రయత్నం చేయొచ్చన్నారు. గడ్డయితే ఏమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు, భయమేసింది.

తేల్చుకోవడానికి గుంటూరులో పెట్ స్కాన్. ఒంట్లోకి ఒక మందు ఎక్కిస్తారు. బతికున్న గడ్డ దాన్ని ఎక్కువగా పీల్చుకుని స్కాన్‌లో వెలుగుతుందట. దెబ్బతిన్న చోటు అంతగా వెలగదట.

స్కాన్ అయ్యాక నా చెయ్యి పట్టుకుంది. ఐసులాగా ఉంది ఆ చెయ్యి.

"సావుకు భయపడనురా. దేవుని పేరు మీద అబద్దం చెప్పినదాన్ని అవుతానేమో, దానికే భయం."

నాకు రెండూ భయమే.

అక్కడే అడ్మిట్ చేసుకుని మెదడులో వాపుకు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రిపోర్ట్ రాకముందే ఫిట్స్ వచ్చాయి. వాపు బాగా ముదిరిపోయింది, ఆలస్యంగా తెచ్చారు అన్నారు డాక్టర్లు. బావను అక్క దగ్గర ఉంచి నేను మార్కాపురం వచ్చాను, మర్నాడు పొద్దునే ఆ ఫోన్.

ఈరోజు మట్టి చేసి వస్తుంటే రిపోర్ట్ నా ఫోన్‌కు వచ్చింది. తెరవడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలీదు. ఒంగోలు డాక్టర్ గారికి పంపి, ఫోన్ చేసి అడిగాను.

గడ్డ తిరిగి వచ్చిన గుర్తులు లేవన్నారు. రేడియేషన్ దెబ్బేనన్నారు.

ముందే తీసుకుపోయి ఉంటే...

కూటాలదాకా ఆపింది నేనేనని బావకు ఇంకా చెప్పలేదు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేదు. బావా, ఇది నువ్వు చదువుతావని తెలిసే రాస్తున్నాను.

అక్కా, నువ్వు అబద్ధం చెప్పలేదు. ఆ గడ్డ తిరిగి రాలేదు. నీకింక భయం లేదు, ప్రభువు ఒడిలో నెమ్మదిగా పడుకో.