పెన్సిల్‌తో దిద్దిన పట్టిక

రివర్ స్ట్రీట్ డైనర్‌లో కిటికీ పక్క బల్ల పొద్దున్నే విజోరెక్‌ది. ఊరి పేపర్లో ముప్పై ఏళ్ళు బేస్‌బాల్ గురించి రాసి రిటైరయ్యాడు. ముందున్న ఆమ్లెట్ చల్లారిపోతున్నా పట్టించుకోడు. చెవి మీది పెన్సిల్ తీసి, మన ఊరి జట్టుకి ఆటగాళ్ళని ఎంచి నడిపిన తొమ్మిదిమంది జనరల్ మేనేజర్ల గెలుపోటములు నోటుబుక్కులో పక్కపక్కన వేసి చూస్తుంటాడు. "వాళ్ళంతా ఎప్పుడో ఇంటికెళ్ళిపోయారు, నువ్వింకా మార్కులు వేస్తూనే ఉన్నావా పెద్దాయనా?" అంటుంది కాఫీ పోసే రోండా. మేనేజరు కుర్చీ దిగిన పదేళ్ళకి గాని విజోరెక్ మార్కులు వెయ్యడు. అతను ఏరి తెచ్చిన కుర్రాళ్ళు ఆటలో రాటుదేలేసరికి కుర్చీలో ఇంకొకడుంటాడు మరి. ఈ సంగతి ఆయనకి ఆలస్యంగా తెలిసింది. జట్టు నాలుగేళ్ళు వరసగా ఓడితే అప్పటి మేనేజరు హాస్కెల్‌ని పీకెయ్యమని వారం వారం రాసింది ఆయనే. పీకేశారు. తర్వాత మూడేళ్ళకి ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టులో ఏడుగురు హాస్కెల్ ఎంచినవాళ్ళే.

మొన్న మార్చి మంచులో హాస్కెల్ కాఫీకి వచ్చాడు. విజోరెక్ నోటుబుక్కు ఆయన ముందుకి జరిపాడు. పట్టికలో అందరికంటే పైన హాస్కెల్ పేరుంది. హాస్కెల్ కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చూసి, పుస్తకం మూసి ఇచ్చేశాడు. "అప్పుడు నువ్వు రాసింది ఊరంతా చదివింది విజోరెక్," అన్నాడు. "ఇది నేనొక్కణ్ణే చదివాను."