ఎగిరేవాళ్ళ మీద ఏడ్చే మామయ్య

నేల విడిచినదేదైనా కనిపిస్తే చాలు, మామయ్య ఏడుస్తాడు. కన్నీళ్ళు పెట్టుకుని కాదు, కుళ్ళుకుని. గద్ద మీద ఏడ్చాడు. తెగిన గాలిపటం మీద ఏడ్చాడు. దూదిపింజ ఒకటి గుమ్మంలోంచి తేలిపోతే, "దానికేం, ఒళ్ళు తేలిక!" అని మూతి ముడుచుకుని మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంతటి ఘనత ఇంకెవరి ఇంట్లోనైనా ఉంటే తీసుకురండి, చూద్దాం.

అలాంటి మనిషికి ఉద్యోగం దొరికింది గ్లైడర్ల క్లబ్బులో. గ్లైడరంటే ఇంజను లేని విమానం. మైదానం ఆ కొసన వించ్ అనే యంత్రం ఉక్కుతాడును గిరగిరా చుట్టుకుంటే, ఈ కొసన గ్లైడరు గాలిపటంలా లేస్తుంది. ఆ వించ్ తిప్పేది మామయ్యే. ఈనాడు పెద్ద విమానాలు నడుపుతున్నవాళ్ళలో ఎందరినో మొట్టమొదట నేల మీంచి లేపింది ఆ చెయ్యే. తను మాత్రం ఒక్కసారీ ఎగరలేదు. గ్లైడరు మోయగల బరువుకీ ఆయన బరువుకీ ఎప్పుడూ ఒక పూట భోజనమంత తేడా. కడుపు పెద్దది గనక మంటా పెద్దదే!

ఆయన మేనకోడలు కూడబెట్టుకున్న డబ్బంతా పోసి, ఎగరడం నేర్పే మాస్టారితో కలిసి ఒక్కసారి ఎగిరింది. ఆ ఒక్కసారి ఖర్చుతో వాళ్ళింట్లో వారం గడుస్తుంది. మళ్ళీ ఎగరాలని ప్రాణం లాగేస్తోంది గానీ, కుట్టుమిషను తొక్కే తల్లిని అడగడానికి నోరెలా వస్తుంది?

దిగీ దిగగానే మామయ్య అడ్డం వచ్చాడు.

"ఏమే, పైనుంచి నేనెలా కనిపించానే?"

"చీమలా ఉన్నావు మామయ్యా!"

సాయంత్రానికి ఇంటికొచ్చి పంచాయితీ పెట్టాడు. "అక్కా, నీ కూతురు నన్ను చీమను చేసింది. నా కడుపుమంట చల్లారేదాకా ప్రతి ఆదివారం వచ్చి రెక్కలు కడగాల్సిందే."

"అది చల్లారాలంటే ఏరు మళ్ళించాలిరా తమ్ముడూ. పంపిస్తాలే."

మేనకోడలు తిట్టుకుంటూనే వెళ్ళింది. రెక్కలు కడిగింది. దిగిన గ్లైడర్లను తోసుకొచ్చింది. తాడుకంటిన మట్టి తుడిచింది. ఎగరలేకపోతే పోనీ, రెక్కలను తాకొచ్చు కదా!

ఆమెకు మండిపోయేది ప్లీడరు గారబ్బాయిని చూస్తే. వాళ్ళ నాన్న డబ్బు కట్టేస్తాడు. ఈ అబ్బాయిగారు ఎక్కుతాడు, దిగుతాడు, చేతికి మట్టంటదు. పైగా వాడి మీద మామయ్య ఏడవనే ఏడవడు.

ఆ సంగతి ఆ అబ్బాయికీ గుచ్చుకుంటూనే ఉంది. "అంకుల్, ఇవాళ అందరికన్నా పైకెళ్ళాను!" అన్నాడోసారి.

"చాలా సంతోషం బాబూ."

పాపం, ఆ పూట అబ్బాయికి అన్నం సయించలేదు.

కొన్ని ఆదివారాలు గడిచాక మాస్టారు మేనకోడలిని పిలిచారు. "ఎక్కమ్మా."

"డబ్బుల్లేవు మాస్టారూ."

"ఎవరడిగారు? మైదానంలో పని చేసినవాళ్ళు ఊరికే ఎగరొచ్చు. ఆ పద్ధతి మీ మామయ్య మాతో పోట్లాడి పెట్టించిందే. పని ఎవరికి చెప్పాలో కూడా ఆయనిష్టమే."

"మరి నాతో చెప్పలేదేం?"

"ఊరికే ఎగరమంటే మీలాంటి పిల్లలకు అభిమానం అడ్డొస్తుందట. తను ఏడిస్తే మాత్రం తిట్టుకుంటూ వస్తారట."

ఆమె చుట్టూ చూసింది. చీపురు పట్టిన ఇస్త్రీ బండివాళ్ళ అబ్బాయి. బకెట్టు మోస్తున్న బస్సు మెకానిక్కు కూతురు. మామయ్య ఏడుపు తగిలినవాళ్ళలో ఒక్కరి జేబూ బరువుగా లేదు.

ఆ కొసన వించ్ గర్జించింది. తాడు ఎక్కడా కుదుపు లేకుండా, ఉయ్యాల ఊపినంత మెత్తగా, ఆమెను ఆకాశంలోకి ఎత్తింది.

దిగేసరికి మామయ్య నడుం మీద చేతులేసుకుని నిలబడున్నాడు.

"ఈసారెలా ఉన్నానే?"

"కొండంత ఉన్నావు మామయ్యా."

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. "పొగరు పోయి అబద్ధాలొచ్చాయా? వచ్చే ఆదివారం నాలుగు రెక్కలూ కడుగు!"

"ఉన్నవి రెండే కదా!"

"అయితే రెండేసిసార్లు కడుగు!"

ఇంతలో ప్లీడరు గారబ్బాయి ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "అంకుల్, నా మీద కూడా ఒక్కసారి ఏడవండి."

"ముందు మీ నాన్న జేబు ఏడవనీ బాబూ."

అబ్బాయి వెళ్ళలేదు. గుడ్డ తడిపి రెండో రెక్క దగ్గరికి నడిచాడు. మామయ్య వాడిని ఎగాదిగా చూసి, పైన రెక్క కదపకుండా తిరుగుతున్న గద్దకేసి వేలు చూపించాడు.

"దిగవే, దిగు! నీకూ పనుంది!"