శనివారం కట్టిన దారం

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, మూడు మాటలు. లారీ మెకానిక్కుని నేను. గేరు బాక్సు కొత్తదానిలా చేశానని, ఇంక రెండేళ్లు చూడక్కర్లేదని, రోజూ ఇంతకన్నా పెద్ద అబద్ధాలే ఆడతాను. వాటిలో ఒక్కటీ నన్ను పట్టుకోలేదు. ఇది పట్టుకుంది. భోజనానికి కూర్చుంటే పక్కన కూర్చుంటుంది. ఎవరైనా నమస్కారం పెడితే మధ్యలోకి వస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. సూర్యాపేటలో నన్నెరిగినవాళ్లకు చెబితే నమ్మరు, నమ్మినవాడు ఊరుకోడు, సాయంత్రానికల్లా, ఆ అబద్ధం ఎవరితో ఆడానో ఆ సైదులు చెవిన వేస్తాడు. నా భయమంతా అదే.

ఒకప్పుడు నేను పహిల్వాన్ని. కోదాడలో ఏటా ఎండాకాలం కుస్తీలు జరిగేవి. చివరి కుస్తీ గెలిచినవాడి చేతికి వెండి కడియం తొడిగేవాళ్లు. ఎనభైల్లో వరుసగా ఆరేళ్లు ఆ కడియం నాదే. ఒకటి చేతికి వేసుకుని మిగతావి బీరువాలో పెట్టాను. సూర్యాపేటలో ఏ హోటల్లోకి అడుగు పెట్టినా కూర్చున్నవాడు లేచి కుర్చీ ఇచ్చేవాడు. వద్దు వద్దంటూనే కూర్చునేవాణ్ణి. ఎవరైనా లేవకపోతే మాత్రం ఒళ్లు మండేది.

ఏడో ఏడు వచ్చేసరికి నాకు ముప్పై తొమ్మిది. ఎడమ మోకాలు చెడిపోయింది. లారీ కిందికి దూరితే బంపరు పట్టుకోకుండా లేవలేకపోయేవాణ్ణి. ఈ సంగతి తెలిసింది నా భార్య ఒక్కదానికే. ఇసుక వేయించి మూట కట్టి కాపడం పెట్టేది. పెడుతూ పెడుతూ ఒకరోజు అంది: "ఇగ సాలదా? గా పోరగాండ్లతోని నీకేంది?" ఆమె మీద అరిచాను. తప్పు మాట అన్నదని కాదు. నేను లోపల అనుకుంటున్న మాటే పైకి అనేసిందని.

ఆ ఏడాదే సైదులు పేరు విన్నాను. నేరేడుచర్ల దగ్గర పల్లె. దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని తల్లి ఆ పేరు పెట్టింది. మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ, ఇరవై రెండేళ్లవాడు. పొద్దంతా బస్తా వీపున వేసుకుని, వాలుగా పెట్టిన చెక్క మీద నడిచి లారీ ఎక్కించేవాడు. తాలీము, అంటే మేం కుస్తీ నేర్చుకునే చోటు, దాని గడప తొక్కలేదు. జాతరల్లో దిగి, దెబ్బలు తిని, తనంతట తనే నేర్చుకున్నాడు. వాడికి కుస్తీ నేర్పిన ఉస్తాద్ లేడు. మా దాంట్లో ఉస్తాద్ లేనివాడంటే తిట్టుతో సమానం. రెండు చోట్ల బరిలోకి దిగబోతుంటే "నీ ఉస్తాదెవడు?" అని అడిగి, పేరు చెప్పలేకపోయాడని బయటికి పంపేశారట. కోదాడ పెద్దలు మాత్రం వాడి పట్టు చూసి ఒప్పుకున్నారు. చివరి కుస్తీకి నాతో జోడు కట్టారు.

ఊళ్లో అందరూ నవ్వారు. హమాలీగాడు పహిల్వాన్ మీదికా అన్నారు. నేనూ నవ్వాను. తర్వాత ఎవరికీ చెప్పకుండా, నెత్తి మీద తువ్వాలు కప్పుకుని, నేరేడుచర్ల వైపు ఒక జాతరలో వాడి కుస్తీ చూడ్డానికి వెళ్లాను.

చూడకపోయినా బాగుండేది. వాడి మీదికి దిగినవాడు వాడికి ఒకటిన్నర రెట్లు ఉన్నాడు. గుంజాడు, నెట్టాడు, మెడ మీద వేలాడాడు. సైదులు పాదాలు మట్టిలోంచి లేవలేదు. బరువుతో చెక్క మీద నడిచి నడిచి ఆ కాళ్లకు తూలడమంటే తెలియకుండా పోయింది. నా పట్లన్నీ అవతలివాడి పాదం లేస్తేనే పనిచేస్తాయి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకున్నాను, ఎన్ని నిమిషాలు నిలబడతానా అని. మోకాలు బాగున్నా నిలబడను. అది చెడ్డాక ఆ మాటే లేదు.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఆ ఏడాది కుస్తీలు చూడ్డానికి హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడు. చివరి కుస్తీ గెలిచినవాడు కుర్రవాడైతే వెంట తీసుకెళ్లి, తిండి పెట్టి, నేర్పించి, ఆటల కోటాలో ఉద్యోగం వచ్చేదాకా చూసుకుంటానన్నాడు. నలభైకి దగ్గరపడ్డ నాకు దాంతో పనిలేదు. సైదులుకు అది బతుకు. వీపు మీంచి బస్తా దిగిపోయేది. ఇది నాకు ముందే తెలుసు. తెలిసే చేశాను.

ఏం చేశానంటే, మాకొక కట్టుబాటు ఉంది. ఉస్తాదూ శిష్యుడూ ఒకరి మీద ఒకరు పోటీకి దిగరు. ఎక్కడా రాసి ఉండదు. తాలీములో చేరిన వారానికి ఎవడికైనా తెలిసిపోతుంది. సైదులు తాలీము ఎరగడు కనుక వాడికి తెలియదు.

కుస్తీ ఆదివారం. శుక్రవారం నాడు బజారుకు వెళ్లి ఎర్ర దారం కొన్నాను. పుట్నాలు, బెల్లం కొన్నాను. మిర్యాలగూడ పోయే లారీ డ్రైవరుతో సైదులుకు కబురు పెట్టాను. శనివారం పొద్దున మొదటి బస్సుకే దిగాడు. మా తాలీము బయటే చెప్పులు విడిచి, లోపలికి రావచ్చో లేదో తెలియక గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు ఉస్తాద్ లేడటగదరా?" అన్నాను.

"నన్నెవరు పెట్టుకుంటరు? మిల్లుల బస్తాలు మోసెటోన్ని."

"నేను పెట్టుకుంటా. చెయ్యి సాపు."

చాపలేదు. బయటికి వెళ్లి కుండలో నీళ్లతో మోచేతుల దాకా కడుక్కుని, చొక్కాకు తుడుచుకుని వచ్చి అప్పుడు చాపాడు. హనుమంతుడి పటం ముందు వాడి మణికట్టుకు దారం కట్టాను, నోట్లో బెల్లం పెట్టాను, బరిలోని మట్టి తీసి నెత్తిన రాశాను. అంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు నా కాళ్ల మీద పడి ఏడ్చాడు. లేచాక కళ్లు తుడుచుకుంటూ అడిగాడు.

"రేపు మీతోనే గదా ఉస్తాద్ నా కుస్తీ? మీ మీద చెయ్యెట్ల ఎయ్యాలె?"

"బరిల దిగినంక సూస్కుందాం తియ్."

ఇక్కడ ఆగి నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆ క్షణంలో కొంచెమైనా ప్రేమ లేదా? వాడి చెయ్యి పట్టుకున్నప్పుడు, ఇలాంటి శిష్యుడు నిజంగా దొరికితే ఎంత బాగుండునని అనిపించలేదా? అనిపించింది. ఒట్టు, అనిపించింది. కానీ ప్రేమే అయితే సోమవారం కట్టవచ్చు గదా. ఆదివారానికి ముందు రోజే ఎందుకు కట్టాను?

కోదాడలో ఆదివారం జనం విరగబడ్డారు. ఆంధ్ర వైపు నుంచి కూడా లారీలెక్కి వచ్చారు. చివరి కుస్తీకి మా ఇద్దర్నీ బరిలోకి పిలిచారు. మైకు పట్టుకున్న పెద్దాయన హాస్యానికన్నట్టు అడిగాడు. "ఏమయ్యా సైదులూ, ఈసారైనా మీ ఉస్తాదు పేరు చెప్తావా?"

సైదులు దారం కట్టిన చెయ్యి పైకెత్తాడు. జన్మలో మొదటిసారి వాడి దగ్గర ఆ ప్రశ్నకు జవాబుంది. గొంతు చించుకుని నా పేరు చెప్పాడు.

పెద్దాయన నా వైపు చూశాడు, నేను తలూపాను. "అయితే ఈ జోడు లేదు. గురువు మీదికి శిష్యుడు దిగడం మన దగ్గర లేదు" అన్నాడు. అని వెంటనే కడియం అందుకోలేదు. మైకు కిందికి దించి నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఎందుకో నాకు తెలుసు. ఉస్తాద్ తన చేత్తో దారం విప్పి పంపితే శిష్యుడు దిగవచ్చు. అదీ మా కట్టుబాటులో ఉంది. దానికే ఆయన ఆగాడు. ముడి నేను వేసిందే, ఒక్క గుంజు గుంజితే ఊడేది. నేను వంగి మోకాలికి అంటిన మట్టి దులుపుకున్నాను.

శిష్యుడు తప్పుకుంటే గెలుపు ఉస్తాద్‌దే కనుక, కుస్తీ పట్టకుండానే నాకు ఏడో కడియం తొడిగారు. జనం సైదులును ఈలలతో తరిమారు. భయపడి ముందే కాళ్లు పట్టుకున్నాడన్నారు, మట్టి పెళ్లలు విసిరారు. హైదరాబాద్ పెద్దమనిషి వేరే కుర్రవాణ్ణి తీసుకుని వెళ్లిపోయాడు.

డేరా వెనక సైదులు నా దగ్గరికి వచ్చాడు. మొహం మీద ఇంకా మట్టి ఉంది. కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. "మీకు ముందే తెలుసా ఉస్తాద్?" అని అడిగాడు.

"నాకూ యాదికి రాలేదురా."

ఆ మూడు మాటలు ఇవే. నమ్మాడు. నమ్మడమే కాదు, నన్నే ఓదార్చాడు. "మీరేం పరేషాన్ గాకుండ్రి ఉస్తాద్. నా కిస్మత్ గంతే" అన్నాడు.

ఆ తర్వాత నేను బరిలోకి దిగలేదు. ఓడకుండానే దిగిపోయిన మొనగాడని ఇప్పటికీ పొగుడుతారు. హమాలీని చేరదీసిన పెద్ద మనసని పెళ్లిళ్లలో నా భుజం తట్టి మరీ చెబుతారు. నేను నవ్వుతూ వింటాను. కాదని ఎలా అనను? ఏమని కాదనను?

సైదులుకు ఏం నేర్పానని అడుగుతారేమో. మొదటి రెండేళ్లు బరి తవ్వించాను, మట్టిలో నూనె పోయించాను, ఒళ్లు పట్టించుకున్నాను. అసలు పట్టు ఒక్కటీ చెప్పలేదు. వాడు పైకొస్తే ఆ రోజు కోదాడలో ఏం జరిగి ఉండేదో జనానికి అర్థమైపోతుందని భయం. మూడో ఏడు సిగ్గేసి నేర్పడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు కాకముందే బస్తాతో సహా చెక్క మీంచి పడి వాడి నడుము పోయింది. ఇప్పుడు అదే మిల్లులో కూర్చుని బస్తాల మూతులు కుడుతున్నాడు. కోదాడలో గెలిచి ఉంటే ఆ రోజు చెక్క మీద ఉండేవాడే కాదు.

ఏటా ఆ శనివారం మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వస్తాడు, పాత దారం విప్పించుకుని కొత్తది కట్టించుకుంటాడు. కడియాలన్నీ అమ్మేశాను గానీ ఈ దారం నుంచి బయటపడలేకపోయాను. కట్టనంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే, కుస్తీలో వాడికి మిగిలిన ఒక్కటీ, ఉస్తాద్ అనేవాడొకడు ఉన్నాడన్న మాట, అదీ లాగేసుకున్నవాణ్ణవుతాను. వాడి మంచి కోసమే చెప్పడం లేదని ఇన్నేళ్లూ అనుకున్నాను. నిన్న లారీ కింద పడుకుని ఉండగా తట్టింది. కోదాడలోనూ ఇలాగే అనుకున్నాను. వాడికి ఉస్తాద్ దొరికాడుగా, వాడికి మేలే గదా అని.

రేపే ఆ శనివారం. దారం తెచ్చి పెట్టాను. వాడి ముందు నోరు పెగులుతుందని మాటివ్వలేను. నా సంగతి నాకు తెలుసు. ఈ కాగితం వాడి చేతిలో పెట్టినా ఉపయోగం లేదు. వాడికి సంతకం పెట్టడం వచ్చు, చదవడం రాదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో ఉన్నది కాదు. డేరా వెనక వాడు అడిగినదానికి సరైన జవాబు ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను. రాస్తుంటే చెయ్యి కొంచెం తేలికైంది.

తెలుసురా సైదులూ. దారం కొన్ననాడే తెలుసు.