నెయ్యి కరిగిన ఆదివారం

2003 ఆగస్టు 10, ఆదివారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలు. నా డైరీలో ఆ పేజీ కుడి అంచున ఒక పలచని జిడ్డు మరక ఉంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే వెనక పేజీ అక్షరాలు అందులోంచి కనిపిస్తాయి. ఈ మే నెల రెండో వారంలో, అంటే 2008లో, నా తుపాకీ సర్టిఫికెట్‌ను మరో అయిదేళ్లకు పొడిగించుకోవడానికి పోలీసుల నుంచి ఫారం వచ్చింది. ప్రస్తుతం మీ వద్ద ఉన్న ఆయుధాలెన్ని, ఏ రకానివి, నంబర్లేమిటి అని గడులు గీసి అడుగుతారు. నాకున్నది ఒక్కటే. అయినా ఏ గడినైనా జ్ఞాపకం మీద నింపడం నాకు చేతకాదు కాబట్టి పాత డైరీ తీశాను. అది నేరుగా ఆ పేజీ దగ్గరే తెరుచుకుంది.

ఇంగ్లండులోని స్విండన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కాకినాడవాడికి తుపాకీతో ఏం పని అని అడగని బంధువు లేడు. 1998లో ఒక సహోద్యోగి తన తుపాకీ క్లబ్బు చూడటానికి రమ్మంటే వెళ్లి, అక్కడి పనితనం చూసి ఆగిపోయాను. దానికి ముందటి ఏడాదే ఈ దేశంలో తూటాలు వేసే పిస్తోళ్లను చట్టం నిషేధించింది. ఊరి బయట పాత రాతిగనిలో నడిచే ఆ చిన్న క్లబ్బువాళ్లు తమ పిస్తోళ్లన్నీ పోలీసులకు అప్పగించి, చట్టం వదిలిన సందులో దూరారు: నూట యాభై ఏళ్ల నాటి నమూనాల రివాల్వర్లు. వీటికి తూటా ఉండదు. సిలిండర్‌లోని ఆరు అరల్లో ఒక్కొక్కదానిలో ముందువైపు నుంచి నల్లని తుపాకీమందు పోసి, పైన సీసపు గుండు అదిమి, వెనకవైపు ముక్కుకు గోరంత రాగి టోపీ తొడగాలి. సుత్తి ఆ టోపీని కొడితే నిప్పు లోపలి మందుకు అందుతుంది. ఆరుసార్లు పేలాలంటే పావుగంట వంటపని. వంటపని అని ఊరికే అనలేదు. మందు తక్కువ పోసినప్పుడు మిగిలిన చోటు నింపడానికి వాళ్లందరూ సంచుల్లో తెచ్చుకునేది ఉప్మా రవ్వ. ఆ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ, "తినే రవ్వను కాల్చుకునేవాళ్లు దేశమంతా ఉన్నారన్నమాట. ఇంకా నాకొక్కదానికే ఈ ఖర్మ అనుకున్నాను" అంది.

గుండు అదిమాక అర మూతి మీద కొవ్వు మెత్తాలి. ఒక అర పేలినప్పుడు ఆ మంట పక్క అరలోకి పాకకుండా అడ్డుపడేది ఆ కొవ్వే. క్లబ్బు పెద్దాయన, రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి, అందరికీ తన డబ్బాలోని కొవ్వే ఇచ్చేవాడు. అది గొడ్డుకొవ్వు. నేను ముట్టుకోలేకపోయాను. తేనెమైనం, నెయ్యి కలిపి కాచి ఒక పాత పచ్చడి సీసాలో పోసుకున్నాను, బాగానే పనిచేసింది. "పద్ధెనిమిది వందల యాభై ఏడులో సిపాయిలు చేసిన తిరుగుబాటే మీరూ చేస్తున్నారు బావగారూ," అన్నాడు మా బావమరిది. "కాకపోతే ఏటేటా చందా కట్టి మరీ." 2003 జనవరి 19న చలికి ఆ మిశ్రమం రాయిలా గడ్డకట్టి గరిటెకు రాలేదు. మైనం సగానికి తగ్గించి, నెయ్యి పెంచి, కొత్త పాళ్లు డైరీలో రాసుకున్నాను. వేసవికి వాటిని మళ్లీ మార్చాలని మాత్రం రాసుకోలేదు.

బావమరిది మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు, కంటి సర్జను. అప్పట్లో నలభై మైళ్ల దూరంలోని ఆసుపత్రిలో పనిచేసేవాడు. ఆన్‌కాల్ డ్యూటీల పట్టికలో, అంటే రోటాలో, తన పేరు లేని ఆదివారమల్లా పొద్దున్నే మా ఇంటికి వచ్చి, అక్క చేతి పెసరట్టు తిని, నాతో క్లబ్బు కాల్పుల రేంజికి బయలుదేరేవాడు. తల వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్లు వేసే చేతులు అతనివి. టీకప్పు పట్టుకున్నా ముచ్చటగా ఉండేది. ఆ సెప్టెంబరులో ఎడిన్‌బర్గ్‌లో కన్సల్టెంటు పదవికి ఇంటర్వ్యూ ఉంది. పదకొండేళ్ల చదువు, ట్రైనింగు ఆ ఒక్క పూట మీద ఆధారపడి ఉన్నాయి. ఆ జులైలోనే అతనికి సర్టిఫికెట్ వచ్చింది: ఒకే ఒక్క రివాల్వర్‌కు అనుమతి. ఏది కొనాలన్నదే ప్రశ్న.

క్లబ్బులో రెండు నమూనాలూ ఉండేవి. ఒకదానికి సిలిండర్ మీద పైకమ్మీ ఉండదు. గొట్టాన్ని అడ్డంగా దూర్చిన ఒక చీల పట్టి ఉంచుతుంది. చూడటానికి అందంగా ఉంటుంది, చేతిలో పెడితే దానంతటదే గురివైపు తిరుగుతుంది. కానీ గురి చూసే గాడి సుత్తి తలమీదే ఉంటుంది. పేలిన టోపీ ముక్కలు సుత్తి సందులోకి రాలి యంత్రం బిగుసుకుపోతుంటుంది. రెండోదానికి సిలిండర్ చుట్టూ నాలుగు వైపులా ఉక్కు చట్రం. గట్టిది, గురి నిలకడైనది. పిడి మాత్రం ఇరుకు, పైగా పాతిక గుళ్లకు మసి పట్టి సిలిండర్ తిరగనంటుంది. నాది రెండోదే. పన్నెండు ఆదివారాలు రెండింటితో పడ్డ గుళ్లను స్కేలుతో కొలిచి పట్టిక వేశాను. చట్రమే మేలని పట్టిక చెప్పింది. బావమరిది దాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీది కిటికీ ఫ్రేము బావగారూ. అందులోంచి చూస్తే ఎదురింటి గోడే కనబడుతుంది."

"నీది పైకప్పు లేని ఇల్లు. వాన వచ్చినప్పుడు తెలుస్తుంది."

"ఇంగ్లండులో ఉంటూ వానకు భయపడితే ఎలాగండీ? పెళ్లిచూపుల్లో మా అక్కను కూడా స్కేలుతోనే కొలిచారా?"

ఆగస్టు 10న ఆఖరి పోటీ పెట్టుకున్నాం. ఆ రోజు సాయంత్రంలోగా అతను తేల్చుకోవాలి. ఈ దేశం ఎరగని ఎండ. రాతిగనిలో గాలి లేదు, తెల్లవాళ్లంతా టమాటాల్లా కమిలిపోయారు. నేను మొదట నింపి, వెంటనే కాల్చేశాను. సీసాలో మిశ్రమం మామూలుకంటే మెత్తగా ఉందని గమనించాను. గమనించి, ఇంకాస్త మందంగా మెత్తాను. నేను కాలుస్తుండగానే అతను పైకమ్మీ లేని క్లబ్బు రివాల్వర్‌లో ఆరు అరలూ నింపి, అదే సీసాలోది మెత్తి, టోపీలు పెట్టకుండా బల్ల మీద ఉంచాడు. తరువాత నేను గురిబల్ల దగ్గరికి నడిచి వెళ్లి, నా గుళ్ల మధ్య దూరాలు కొలిచి, ఒకటికి రెండుసార్లు సరిచూసి, డైరీలో ఎక్కించి వచ్చాను. పద్నాలుగు నిమిషాలు. ఆ పద్నాలుగు నిమిషాలూ అతని రివాల్వర్ ఎండలో ఉంది.

నేను తిరిగి వచ్చాక అతను టోపీలు తొడిగి చెయ్యి చాచాడు. ఎప్పుడూ వినే చప్పుడు కాదు. వెడల్పుగా, రెండు తలుపులు ఒకేసారి మూసినట్టు వచ్చింది. గొట్టం పక్కనుంచి రెండో మంట కనబడింది. రెండు అరలు కలిసి పేలాయి. ఒక గుండు గురివైపు, ఇంకొకటి ఇసుక కట్టలోకి పోయాయి. అతని చెయ్యి కదల్లేదు. మళ్లీ సుత్తి ఎత్తబోతే సగంలో ఆగిపోయింది: టోపీ ముక్క సందులో ఇరుక్కుంది. సుత్తి పైకి రాదు, కిందికి దిగదు. సిలిండర్ తిరగదు. టోపీలు తొడిగిన నాలుగు అరలు నిండుగా ఉన్నాయి. అప్పుడు చూశాను, సిలిండర్ అంచునుంచి అతని మణికట్టు మీదికి ఒక పసుపుపచ్చ చుక్క జారింది.

పెద్దాయన అందరినీ వెనక్కి పంపి ఇసుక సంచి తెచ్చి, రివాల్వర్‌ను దానిమీద ఇసుక కట్టవైపు ఆనించాడు. నీళ్లు పోద్దామా అన్నాను. "టోపీ తడిసిందో లేదో నీకు ఎవరు చెబుతారు?" అన్నాడు. "ముందు ఆ ముక్క బయటికి రావాలి. ఒకరు సుత్తిని పట్టుకోవాలి, ఒకరు తియ్యాలి." తన చేతులు చూపించాడు, డెబ్బై ఏళ్ల చేతులు, సన్నగా వణుకుతున్నాయి. "నేను తీస్తాను," అన్నాడు బావమరిది. క్లబ్బు పెట్టెలోంచి సన్నని పట్టుకారు తీసుకున్నాడు. అంటే సుత్తి పట్టుకోవలసింది నేను. నా బొటనవేలికి నెయ్యి ఉంది. ప్యాంటుకు మూడుసార్లు తుడిచాను. ఎంత తుడిచినా నెయ్యి వదలదని వంటింట్లో తిరిగిన ఎవరికైనా తెలుసు. నా వేలు జారితే సుత్తి కిందున్న టోపీ మీద పడుతుంది. అది పేలితే, మూతులమీద అడ్డేమీ లేని మిగతావి ఊరుకోవు. ఆ అరల పక్కనే అతని కుడిచేతి వేళ్లు, జానెడు దూరంలో అతని కళ్లు. "వేలు జారుతోంది" అనే రెండు మాటలు నా నోటిదాకా వచ్చాయి. ఎందుకు జారుతోందని అడుగుతాడు. నేను అనలేదు.

"బావగారూ, ఊపిరి పీల్చుకోండి. మీరు ఆపితే నాకు భయంగా ఉంటుంది," అన్నాడు అతను తల ఎత్తకుండా. పేషెంటుతో మాట్లాడే గొంతు. పట్టుకారు లోపలికి వెళ్లి, ఒకసారి పట్టు తప్పి, రెండోసారి చిన్న రాగి పొట్టుతో బయటికి వచ్చింది. సుత్తి బరువంతా ఒక్కసారిగా నా వేలిమీద పడింది. ఒక నూలుపోగంత జారి ఆగింది. దాన్ని నెమ్మదిగా వెనక్కి లాగి, సుత్తి కిందపడకుండా పట్టి ఉంచే మధ్య గాడిలో నిలిపాను. తరువాత అతను సిలిండర్‌ను వేళ్లతో తిప్పుతూ ఒక్కొక్క టోపీ ఊడదీశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పదకొండు నలభైకి మొదలైంది, పదకొండు యాభై రెండుకు ముగిసింది.

పెద్దాయన పైకమ్మీ లేని నమూనాను తిప్పి తిప్పి చూసి, గుండు ఏదో వదులుగా ఉండి ఉంటుంది, ఈ రకానికి ఈ రోగాలున్నాయి అని, దాన్ని వాడకంలోంచి తీసేశాడు. బావమరిది చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు నావైపు చూశాడు. నేను డైరీ రాస్తున్నాను.

"సరే బావగారూ, ఒప్పుకున్నాను. మీ కిటికీ ఫ్రేమే గెలిచింది," అన్నాడు చివరికి.

గెలుపును నేను పేజీలో రాసుకున్నాను, మరక అప్పటిదే. సాయంత్రం మా ఆవిడ, ఇద్దరి ముఖాలూ చూసి, "ఏమైందిరా?" అంటే అతను, "నమూనా తేడా అక్కా" అన్నాడు. నేను పైకి వెళ్లి జనవరి 19 పేజీ తీసి పాళ్లు చూసుకున్నాను. కిందికి దిగి చెప్పాలనుకున్నాను. అతను అప్పటికే కారెక్కాడు. ఇంటర్వ్యూ అయ్యాక చెబుదాం అనుకున్నాను. ఉద్యోగం వచ్చింది, ఆ సంతోషంలో ఎందుకు అనుకున్నాను. ఎడిన్‌బర్గ్ వెళ్లేముందు అతను చట్రం నమూనా కొన్నాడు. అక్కడ రెండుసార్లు కాల్చి అమ్మేశాడని మా ఆవిడ ద్వారా తెలిసింది. తరువాత అక్కకు ఫోన్లు వచ్చేవి, నాకు పండగలకు వచ్చేవి. దూరం అలాంటిది అనుకున్నాను. నాకు లెక్కలు వచ్చుగాని, ఆ లెక్క వెయ్యలేదు.

ఈ మే 18న, ఆదివారం ఉదయం పది గంటలకు, ఫారం ముందు పెట్టుకుని ఎడిన్‌బర్గ్‌కు ఫోన్ చేశాను. పిల్లల చదువులు, అక్కడి బస్సులు, నా బీపీ అన్నీ అయ్యాక చెప్పాను. జనవరి పాళ్లు చెప్పాను. పద్నాలుగు నిమిషాలు చెప్పాను. వేలి సంగతి కూడా చెప్పాను.

"వేలి సంగతి తెలియదు," అన్నాడు. "మిగతాది ఆ రోజే తెలుసు బావగారూ. పొగలో ఎప్పుడూ లేనంత నెయ్యి వాసన వచ్చింది. మా ఇంట్లో నెయ్యి కాచే వాసన నాకు తెలియదా?"

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను. పక్కన వచ్చి కూర్చున్నాను కూడా. మీరు రాసుకుంటున్నారు. ఒక ఏడాది చూశాను. ఆ తరువాత చూడటం మానేశాను. నాకు ఆ పైకప్పు లేనిదే నచ్చింది బావగారూ. పట్టిక చూసి కాదు నేను మీది కొన్నది. అదయినా కొంటే మీరు నోరు విప్పుతారేమోనని."

క్షమించమని అడిగాను. "చెప్పారుగా," అన్నాడు. ఆగస్టులో రమ్మన్నాను. రోటా చూసి చెబుతానన్నాడు.

ఫారంలో ఉన్నవాటికి గడి ఉంది: చట్రం నమూనా రివాల్వర్, ఒకటి. కొత్తగా కావలసినవాటికీ గడి ఉంది. అందులో రెండో రివాల్వర్ అని రాశాను. అనుమతి వస్తే పైకమ్మీ లేనిదే కొంటాను. పోయినవాటికి గడి లేదు కనుక డైరీలో రాసుకుంటున్నాను. మిగిలినవి: అతని పది వేళ్లు, రెండు కళ్లు, నా రివాల్వర్, పచ్చడి సీసా. పోయినవి: అతనికి నచ్చిన నమూనా, అతను నన్ను ఆటపట్టించే మాటలు, రెండు వందలకు పైగా ఆదివారాలు. ఆ సాయంత్రం మెట్లు దిగి చెప్పి ఉంటే ఒక నిమిషం పట్టేది. నాలుగేళ్ల తొమ్మిది నెలల ఎనిమిది రోజులు పట్టింది.